గుంట గట్టు మీద పరిశోధన

నా దగ్గర పీహెచ్‌డీలో చేరిన స్కాలర్‌ని మొదటి వారంలో లైబ్రరీకి పంపను. చిల్లకూరు తీసుకుపోతాను. గూడూరుకు ఆనుకొని, జాతీయ రహదారి పక్కన ఉంటుంది మా మండల కేంద్రం. అక్కడినుంచి సముద్రం వైపు పోయేకొద్దీ నేల మారిపోతుంది. నిమ్మతోటలు, వరిమళ్లు దాటితే చింతవరం, మోమిడి, బల్లవోలు చుట్టుపక్కల తెల్లటి సిలికా ఇసుక కనిపిస్తుంది. గాజు తయారీకి పోయే ఇసుక అది. ఇంకా తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరు, దాని ఒడ్డున మడచెట్లు, అవతల బొగ్గు దిగే రేవు. ఒక్క పూటలో ఇన్ని రకాల బతుకుతెరువులు చూడగలిగిన చోట్లు ఈ తీరంలో ఎక్కువ లేవు.

స్కాలర్ చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, చూసింది రాయమంటాను. ఏం చూడాలో చెప్పను. సాయంత్రం ఆ పుస్తకం చదివితే శిక్షణ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. చాలామంది ‘ఉప్పుటేరు నీరు కలుషితమైంది’ అని రాస్తారు. ఏ చోట నీరు, ఏ పూట, పోటా పాటా, రంగు ఎట్లా ఉంది, వాసన వచ్చిందా, పైనుంచి ఏ గుంట తూము తెరిచారు అనే వివరం ఒక్కటీ ఉండదు. కలుషితమైంది అనడం తీర్పు. తీర్పు చెప్పడానికి ఇంకా నాలుగైదేళ్లు ఉంది. ముందు చూసింది చూసినట్టు రాయడం రావాలి.

నేను జంతుశాస్త్రం చదివి, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు గైడ్‌గా ఉన్నాను. పుట్టి పెరిగింది చిల్లకూరు మండలంలోనే. నా స్కాలర్లు కొలిచే నీళ్లు మా చుట్టాల గుంటల్లోవి, మా ఊరివాళ్లు వలేసే ఉప్పుటేరువి. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. తనకు ఎంతవరకు తెలుసో అంతవరకు తడబడకుండా చెప్పగలగడం, ఆ గీత దాటి ఒక్క మాట కూడా చెప్పకపోవడం, డాక్టరేట్ శిక్షణ అంటే ఇదే. కోర్సు వర్కు, సెమినార్లు, జర్నల్ పేపర్లు, థీసిస్, వైవా అన్నీ ఆ ఒక్క అలవాటు కోసమే ఉన్నాయి. ఆ అలవాటు కుదరకుండా పట్టా చేతికొస్తే ఆ మనిషి వల్ల సమాజానికి మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకంటే పేరు ముందు డాక్టర్ అని ఉన్నవాళ్ల మాట నమ్మి మా ఊళ్లలో లక్షలు పెట్టేవాళ్లు ఉన్నారు.

అలవాటు చేతినుంచి మొదలవుతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలవడానికి వింక్లర్ పద్ధతి అని ఒకటుంది. 1888లో వచ్చింది, ఇప్పటికీ వాడతాం. మీటర్లు ఉన్నాయి, మా స్కాలర్ల దగ్గరా ఉంది. అయినా మొదటి ఆరు నెలలు వింక్లరే చేయిస్తాను. గుంటలో నీళ్లను సీసాలోకి బుడగ రాకుండా పట్టాలి. ఒక్క బుడగ చిక్కినా గాలిలోని ఆక్సిజన్ లెక్కలో కలిసిపోతుంది. మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ద్రావణాలు అక్కడే, గట్టు మీదే వేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. తరవాత ఆమ్లం వేసి కరిగించి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే, చివర్లో వేసిన స్టార్చ్ వల్ల వచ్చిన నీలం రంగు పోయే చుక్క దగ్గర లెక్క ఆగుతుంది. మీటరు అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎట్లా వచ్చిందో, ఎక్కడ తప్పిపోవచ్చో వింక్లర్ చేసినవాళ్లకే ఒంటబడుతుంది. మీటరు తప్పు చూపించినప్పుడు అనుమానం రావాలంటే ఈ ఆరు నెలలు అవసరం.

ఇంకో సంగతి, గుంటలో ఆక్సిజన్ పగలంతా పెరుగుతుంది. నీళ్లలోని సూక్ష్మమైన నాచు ఎండకు కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది కాబట్టి. రాత్రి ఆ నాచు, రొయ్యలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి వాడుకుంటాయి. కాబట్టి అతి తక్కువ ఉండేది తెల్లవారుజామున. పదకొండు గంటలకు బస్సు దిగి నమూనా పట్టుకుపోయే స్కాలర్‌కి గుంట ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. నాలుగు గంటలకు లేచి గట్టు మీద ఉండాలి. రాత్రి ఊళ్లో ఎవరి ఇంట్లోనో పడుకోవాలి. మా అమ్మ బతికున్నన్నాళ్లూ నా స్కాలర్లందరికీ మా ఇల్లే మకాం. ఇప్పటికీ మా తమ్ముడి భార్య ‘ఈసారి ఎవరొస్తా ఉండారు వదినా, అమ్మాయా అబ్బాయా?’ అని ఫోన్ చేస్తుంది. ఆడపిల్లల ఫీల్డ్ వర్కు సంగతి ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు. మూత్రానికి పోవడానికి చోటులేని గట్టు మీద ఏడు గంటలు నిలబడే పని అది. ఆ ఏర్పాటు చూసుకోవడం గైడ్ పని అని నా నమ్మకం. చేయలేని గైడ్ ఆ పిల్లకు అటువంటి అంశం ఇవ్వకూడదు.

ప్రశ్నను కుదించడం చేతి పని కంటే కష్టం. సినాప్సిస్ మొదటి ప్రతిలో ‘నెల్లూరు తీరంలో రొయ్యల సాగు పర్యావరణ ప్రభావాలు’ వంటి శీర్షిక వస్తుంది. దాన్ని చూసి నేను స్కాలర్‌ని తప్పుపట్టను. పెద్ద ప్రశ్న వేసే కుర్రవాడికి ఊరంటే ప్రేమ ఉందని అర్థం. కానీ అది ఒక మనిషి, ఒక ఫెలోషిప్, నాలుగైదేళ్లలో తేల్చగలిగే ప్రశ్న కాదు. నెలల తరబడి కూర్చొని దాన్ని తగ్గిస్తాం. ఏ ఉప్పుటేరు? ఏ తూము నుంచి ఏ తూము దాకా? గుంటలు ఖాళీ చేసే రోజులకు, మామూలు రోజులకు తేడా చూద్దామా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో మంచినీళ్లు వచ్చి ఉప్పుటేరు ఉప్పదనం పడిపోతుంది, మే నెలలో పెరిగిపోతుంది. ఆ మార్పును గుంటల వల్ల వచ్చిన మార్పునుంచి ఎట్లా విడదీస్తావు? ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ముఖాలు వాడిపోతాయి. తమ ప్రశ్న చిన్నబోయిందని అనుకుంటారు. నిజానికి ఆ రోజే అది ప్రశ్న అవుతుంది.

ఒక గుంటలో పది సీసాలు పట్టి, ఇంకో గుంటలో పది సీసాలు పట్టి, ఇరవై నమూనాలతో గణాంక పరీక్ష చేసి తేడా ఉందని రాయడం మా రంగంలో పాత జబ్బు. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవశాస్త్రవేత్త దీనిమీద పెద్ద వ్యాసం రాశాడు. ఒకే గుంటలోంచి పట్టిన పది సీసాలు ఆ ఒక్క గుంట గురించే చెబుతాయి. రెండు రకాల సాగు మధ్య తేడా చెప్పాలంటే ఒక్కో రకానికి వేరువేరు గుంటలు చాలా కావాలి. ఈ వ్యాసం నా స్కాలర్లందరూ చదువుతారు, చదివి నాకు తెలుగులో చెప్పాలి. తెలుగులో ఎందుకంటే, సొంత మాటల్లో చెప్పేటప్పుడు అర్థంకాని చోటు దాచుకోవడం కుదరదు. ఇది వంటబట్టినవాళ్లు మరిన్ని గుంటల కోసం ఊరూరా తిరగడం మొదలుపెడతారు. అప్పుడు మనుషులతో పని పడుతుంది.

ఆ మనుషులకు చరిత్ర ఉంది. మా చిన్నాయన వరుస అయ్యే ఒకాయన 90ల మొదట్లో వరి తీసేసి గుంటలు తవ్వాడు. అప్పుడు టైగర్ రొయ్య. రెండు మూడు పంటలు బాగా పండి, ఊళ్లో మిద్దెలు లేచాయి. 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి తీరమంతా గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి రావడంతో ఎండిన గుంటలు మళ్లీ నిండాయి. తరవాత ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి వచ్చింది, రొయ్యను చంపకుండానే ఎదుగుదల ఆపేస్తుంది, మేత ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. ప్రతి దెబ్బ తరవాతా ఎవరో ఒకరు కారు దిగి, సీసాల్లో నీళ్లు పట్టుకొని, ఫొటోలు తీసుకొని పోయారు. చాలామంది మళ్లీ రాలేదు. మందుల కంపెనీల తరఫున వచ్చేవాళ్లు మాత్రం ప్రతి వారం వస్తారు, ప్రతి ప్రశ్నకూ వాళ్ల దగ్గర ఒక డబ్బా ఉంటుంది. పరిశోధక విద్యార్థి అడుగుపెట్టేది ఈ రెండు రకాలవాళ్ల మధ్యకి.

ఒకరోజు మా చిన్నాయన నా స్కాలర్‌ని గట్టు మీద నిలబెట్టి అడిగాడు. ‘ఏందమ్మా, వారం వారం సీసాల్లో నీళ్లు పట్టుకొని పోతా ఉండావు. మా రొయ్య ఎందుకు తేలతా ఉందో ఒక్కమాట చెప్పరాదా?’

ఆమె నావైపు చూసింది. నేను మాట్లాడలేదు.

‘పెద్దాయనా, నా దగ్గర ఉండేది నీళ్ల లెక్క. రొయ్యకి ఏ రోగమో చెప్పాలంటే రొయ్యని తీసుకపోయి పీసీఆర్ చేయించాల. అది నేను చేయలేదు. నీళ్ల వరకు అడగండి, చెప్తా.’

‘సరే, నీళ్ల సంగతే చెప్పు.’

‘మూడో గుంటలో తెల్లారుజామున ఆక్సిజన్ బాగా తక్కువ చూపిస్తా ఉంది. పక్క గుంటల్లో అట్లా లేదు. ఆ టయానికి ఏరేటర్లు తిరగతా ఉండాయా?’

ఆయన కాసేపు ఏమీ అనలేదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేసేది వేయనిది కాపలావాడి మీద ఉందని, డీజిల్ పొదుపు చేయమని తానే చెప్పానని తరవాత చెప్పాడు. ఆక్సిజన్ తగ్గడం వల్లే రొయ్య చచ్చిందని ఆ పిల్ల అనలేదు. అనడానికి తన దగ్గర ఆధారం లేదని ఆమెకు తెలుసు. అమోనియా గురించి అడిగితే మొత్తం అమోనియా అంకె ఒక్కటే చెప్పకుండా మధ్యాహ్నపు పీహెచ్ కూడా పక్కన పెట్టి చెప్పింది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపు రూపం దాదాపు పది రెట్లు అవుతుంది, కాబట్టి ఒక అంకె లేకుండా ఇంకో అంకెకు అర్థం లేదు. ఆ పిల్ల పీహెచ్‌డీ నాకు సంబంధించినంతవరకు ఆ రోజు సగం పూర్తయింది. థీసిస్ అధ్యాయాలు అప్పటికి ఒక్కటీ రాయలేదు.

గుంటల యజమానులు మాకిచ్చే సమాచారం విలువైనది, వాళ్లకు ప్రమాదకరమైనది కూడా. ఫలానావారి గుంటలో రోగం ఉందని పొక్కితే పట్టుబడికి ముందే కొనేవాడు ధర తగ్గిస్తాడు. అందుకని మా నోటుపుస్తకాల్లో గుంటలకు అంకెలే ఉంటాయి, పేర్లు ఉండవు. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం నా బీరువాలో ఉంటుంది. ఒక గుంట సంగతి పక్క గుంటవాడికి చెప్పకూడదు, చుట్టరికం ఉన్నా చెప్పకూడదు. యూజీసీ 2019 చివర్లో పరిశోధన, ప్రచురణ నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. మంచి పని. అయితే క్లాసులో విన్న నీతి మా ఊరి టీ అంగడి దగ్గరే పరీక్షకు వస్తుంది. అక్కడ అందరూ అడుగుతారు.

నిబంధనల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో తల్లిదండ్రులకు మా పిల్లలు ఏం చేస్తున్నారో అంతుబట్టదు. ఇప్పుడు నడిచేది యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు. తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు, ఆపైన పొడిగింపులు. కనీసం పన్నెండు క్రెడిట్ల కోర్సు వర్కు. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు హాజరై ఎంత పని జరిగిందో చెప్పాలి. ఆడవాళ్లకు అదనంగా రెండేళ్లు, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌లో చేయవచ్చు, యజమాని నుంచి అనుమతి కాగితం ఉండాలి. గైడ్ దగ్గర ఎంతమంది ఉండాలో కూడా లెక్క ఉంది, ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు. ఎనిమిది మందిని పెట్టుకొని ఎనిమిది మందితోనూ గట్టు మీదకి పోవడం ఎవరివల్లా కాదు. నేను హద్దు దాకా ఎప్పుడూ తీసుకోలేదు, తీసుకోను.

ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏ విభాగం స్కాలరైనా బోధనలో, రాతలో శిక్షణ పొందాలి, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్స్, ల్యాబులు, మూల్యాంకనం పని ఇవ్వవచ్చు. అమెరికా వెళ్లిన మన పిల్లలు టీచింగ్ అసిస్టెంట్‌గా వారానికి ఇరవై గంటల దాకా పనిచేసి జీతం తీసుకుంటారు, ఫీజు మాఫీ పొందుతారు. మాకు అంత లేదు. కానీ ఈ నాలుగు గంటల్ని నేను చిన్నచూపు చూడనివ్వను. బీఎస్సీ పిల్లలకు టైట్రేషన్ నేర్పేటప్పుడు నీలం రంగు పోయిన చుక్కను ఒకరు ముందు ఆపుతారు, ఒకరు దాటిపోతారు. ఇరవై మంది ఇరవై రకాలుగా చేస్తుంటే చూసిన స్కాలర్‌కి తన చేతిలో ఎంత తేడా రావచ్చో అంచనా వస్తుంది. పొరపాటు పరిధి అని థీసిస్‌లో రాసే వాక్యానికి అర్థం అక్కడ తెలుస్తుంది. ఒక పిల్లవాడు లేచి ‘మేడమ్, స్టార్చ్ చివర్లోనే ఎందుకు వేయాలి?’ అని అడిగితే జవాబు రాక, సాయంత్రం పుస్తకాలు తిరగేసిన స్కాలర్లు ఉన్నారు. బాగుపడ్డారు.

మన తెలుగువాళ్లలో ఈ పనికి నేను చూపించే మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టాడు. హార్వర్డ్‌లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించింది మాత్రం అంతకు ఐదేళ్లు ముందే, 1925లో. ఫాస్ఫేట్‌ని మోలిబ్డేట్‌తో కలిపి క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. వందేళ్లయింది, ఆ పద్ధతి ల్యాబుల్లో ఇంకా బతికే ఉంది. ఎన్నో పెద్ద మందుల వెనుక ఉన్న మనిషి మొదట ప్రపంచానికి ఇచ్చింది ఒక కొలత. అదీ పట్టా రాకముందు, స్కాలర్‌గా ఉన్నప్పుడు. పీహెచ్‌డీ విద్యార్థి అంటే గైడ్ పనికి సాయపడే కుర్రవాడనే అభిప్రాయం ఇంకా మన యూనివర్సిటీల్లో ఉంది. సుబ్బారావు సంగతి చెప్పడం నాకు అందుకే ఇష్టం. విశ్వవిద్యాలయంలో కొత్త జ్ఞానం చాలావరకు పుట్టేది ఈ పిల్లల చేతుల్లోనే.

అయితే వీళ్లు ఎవరు, విద్యార్థులా, ఉద్యోగులా? యూరప్‌లో దీనిమీద తేల్చి చెప్పారు. 2005లో సాల్జ్‌బర్గ్‌లో కూడిన విశ్వవిద్యాలయాలవాళ్లు డాక్టరేట్ అభ్యర్థులను తొలిదశ పరిశోధకులుగా, వృత్తిపరులుగా, దానికి తగ్గ హక్కులతో గుర్తించాలని సూత్రాలు రాసుకున్నారు. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్ వంటి దేశాల్లో చాలామంది డాక్టరేట్ అభ్యర్థులకు ఉద్యోగ ఒప్పందం, జీతం ఉంటాయి. ఇక్కడ జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ స్థాయిలో 42,000. రానివాళ్లకు చాలాచోట్ల ఏమీ లేదు. వచ్చినవాళ్లకు కూడా నెలనెలా చేతికి అందుతుందన్న భరోసా లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి రాశాడు. అన్ని కారణాలూ డబ్బే అని నేను అనడం లేదు. ఆ మరణం వెనుక కులం ఉంది, వివక్ష ఉంది, దేశమంతా దానిమీద మాట్లాడింది. కానీ చనిపోయే ముందు కూడా ఒక స్కాలర్ మనసులో ఆ బకాయి ఉందంటే, ఆ డబ్బు ఎవరి ఇంటికి ఎంత అవసరమో గైడ్లు, ఆఫీసులు, అందరూ ఆలోచించాలి. నా దగ్గర ఒక కుర్రవాడు ఫెలోషిప్ ఆలస్యమైనప్పుడు నమూనాలు పట్టడానికి గూడూరు నుంచి ఆటోకి డబ్బులేక రెండు వారాలు మానేశాడు. నాకు చెప్పలేదు. పట్టికలో ఆ రెండు వారాలు ఖాళీ ఉన్నాయి. ఖాళీని ఖాళీగానే ఉంచాడు, పక్క వారాల సగటు వేసి పూడ్చలేదు. అతని చదువు గురించి నాకు ఎప్పుడూ బెంగ లేదు. బెంగంతా ఆ వారాల్లో ఏం తిన్నాడో అని.

పార్ట్ టైమ్ స్కాలర్ల సంగతి వేరు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆదివారం వచ్చి సీసాలు కడిగే ఒకాయన నా దగ్గర ఉన్నాడు. నలభై దాటాయి. ఆయనకు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పడం కష్టమైంది. కానీ ఉప్పుటేరు పోటుపాట్లు పుస్తకం చూడకుండా చెప్పగలడు. కుర్ర స్కాలర్లు ఆయన దగ్గర ఉప్పుటేరు నేర్చుకున్నారు, ఆయన వాళ్ల దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నాడు. గైడ్ ఒక్కరే శిక్షణ ఇస్తారనుకోవడం సరికాదు.

ప్రచురణల మీద నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరైనా జర్నల్‌లో రావాలని ఉండేది. డబ్బు తీసుకొని వారంలో అచ్చేసే పత్రికలు దానిమీద బతికాయి. 2022లో ఆ షరతు తీసేశారు. తీసేయడం మంచిదే, కానీ మా విభాగంలో నేను ఇంకా పేపరు రాయిస్తాను, మంచి జర్నల్ సమీక్షకుడు వేసే ప్రశ్నల కోసం. ముఖం తెలియని మనిషి ‘ఈ అంకెకు ఆధారం ఏమిటి?’ అని అడిగినప్పుడు జవాబు రాయడం గొప్ప శిక్షణ. తిరస్కరించిన ఉత్తరాలు కూడా ఫైల్లో పెట్టిస్తాను. కాపీ విషయంలో 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు. శాతం తగ్గించడానికి మాటలు అటూ ఇటూ మార్చే పనికి మాత్రం నా దగ్గర చోటు లేదు. వేరొకరి వాక్యం వాడుకుంటే వాళ్ల పేరు చెప్పాలి, తన వాక్యమైతే తన దగ్గర నోటుపుస్తకంలో పుట ఉండాలి.

థీసిస్ ఇంగ్లీషులో పోతుంది. శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో పెడతాం, ఎవరైనా తెరిచి చదవవచ్చు. మా చిన్నాయన తెరవడు. అందుకని థీసిస్ సమర్పించేముందు ప్రతి గుంట యజమానికీ తెలుగులో రెండు పేజీల కాగితం ఇవ్వాలని నా దగ్గర నియమం. ఆయన గుంటలో ఏమేం కొలిచామో, ఏం కనిపించిందో, ఏం తేల్చలేకపోయామో ఉంటుంది. సలహా ఉంటే, దానికి ఆధారం ఎంత గట్టిదో అదే వాక్యంలో ఉంటుంది. ఈ రెండు పేజీలు రాయడానికి స్కాలర్లు ఒక అధ్యాయం కంటే ఎక్కువ కష్టపడతారు. ‘సహసంబంధం కనిపించింది’ అన్న మాట ఇంగ్లీషులో సులువుగా పోతుంది. రైతుకు చెప్పేటప్పుడు, రెండూ ఒకేసారి పెరిగాయి, ఒకటి రెండోదానికి కారణమో కాదో మాకు తెలియదు అని విడమరచి రాయాలి. అట్లా రాశాక చాలామంది వెనక్కి పోయి ఇంగ్లీషు వాక్యం కూడా మార్చుకున్నారు. ఈ పని ఏ యూనివర్సిటీ అడగదు. అడగాలి. క్రెడిట్ కూడా ఇవ్వాలి. ఎవరి నీళ్లమీద పట్టా వచ్చిందో వాళ్లకు లెక్క చెప్పడం కంటే పెద్ద సెమినార్ ఏముంటుంది?

వైవా బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా రావచ్చు. నేను ఊరినుంచి పిలుస్తాను, వచ్చేవాళ్లు వస్తారు. పరీక్షకులు ప్రశ్నలు అడిగాక, ‘సభలో ఎవరైనా?’ అంటారు. ఒకసారి వెనక వరుసలో ఒకాయన లేచి, ఉప్పుటేరులో చేప తగ్గింది గుంటల వల్లా, రేవు వల్లా అని అడిగాడు. వలేసి బతికే మనిషి. హాల్లో పెద్దవాళ్లు కొందరు ఇబ్బందిగా కదిలారు. స్కాలర్ తాను కొలిచిన భాగం ఎంత, ఏ రెండేళ్లు, గుంటల ప్రభావాన్నీ రేవు ప్రభావాన్నీ విడదీయడానికి తన లెక్క చాలదని, అది చేయాలంటే ఏమేం కొలవాలో వివరంగా చెప్పాడు. వచ్చిన పెద్దమనిషి సంతృప్తి పడలేదు. ‘అయితే ఆ కొలిచే పని ఎవరు చేస్తారు బాబూ?’ అన్నాడు.

ఆ ప్రశ్న మీద ఇప్పుడు ఒక అమ్మాయి చేరింది. ఉప్పుటేరు ఒడ్డు పల్లెనుంచే వచ్చింది. వాళ్ల నాన్నకు వల ఉంది, ఆయన ఏ నెలలో ఏ చేప పడేదో పాతికేళ్ల జ్ఞాపకం చెబుతాడు. ఆ జ్ఞాపకాన్ని ఆధారంగా వాడుకోవచ్చా, వాడితే ఎట్లా పరీక్షించాలి అన్నదగ్గర మేమిద్దరం ఆగిపోయాం. సలహా సంఘంలో ఒకరు అది శాస్త్రం కాదన్నారు. నేను ఒప్పుకోలేదు, కానీ ఒప్పించడానికి నా దగ్గర ఇంకా సరైన పద్ధతి లేదు. నాన్న చెప్పింది తప్పయితే అది తప్పని ఏ కొలత చూపిస్తుందో ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. ఇప్పటికి మూడు ప్రతులు తెచ్చింది. మూడో దాంట్లో రెండో పేరా బాగుంది. వానలు మొదలయ్యేలోపు నాలుగోది తేవాలి, ఎందుకంటే అక్టోబరు నమూనాలు పోతే మళ్లీ ఏడాది ఆగాలి.